సినిమాలో మిగిలిన మా బావ గొంతు

సినిమావాళ్లు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చిన రోజు నేను మగ్గం గుంతలో కూర్చోని ఒక పెండ్లి చీర అంచు నేస్తున్నాను. వాకిట్లో ఎవరో చెప్పులు విడిచిన సప్పుడైంది. తలెత్తి చూస్తే ముప్పై ఏళ్ల ఆడమనిషి, ప్యాంటు చొక్కా వేసుకోని, వీపున బ్యాగుతో నిలబడి ఉంది. కుర్చీ వేయమని మా ఇంట్లోవాళ్లకు చెప్పేలోపలే ఆమె గుంత పక్కన నేలమీద కూర్చుంది.

"నాటకాల్లో హార్మోనియం వాయించేది మీరేనా సార్?" అని అడిగింది.

నన్ను అంతవరకు ఎవరూ సార్ అనలేదు. అవునన్నాను. ఆమె ఒక సినిమాకు డైరెక్టరు దగ్గర పనిచేస్తుందంట. పాత వ్యాను వేసుకోని ఊరూరూ తిరిగే నాటకాల కంపెనీ కథ అంట. నిండా పాటలు, నిండా నవ్వులు. తమ హీరోకు, మిగతా నటులకు నడక నేర్పడానికి, వెనకాల నిలబడడానికి, అక్కడక్కడ పద్యం పాడడానికి నిజమైన నాటకంవాళ్లు కావాలంట.

"పాడేది నేను గాదమ్మా, మా బావ. ఆయన్ని అడగాల," అని ఆమెను రెండు వీధుల అవతలున్న మా అక్క ఇంటికి పిల్చుకోని పోయినాను. ఆ నడక ఇప్పటికీ నాకు గుర్తొస్తుంటుంది. ఆమె ఏవేవో అడుగుతోంది, నేను ఉత్సాహంగా చెప్తున్నాను. ఆ రోజు నేను ఇంట్లో లేకపోయినా, బావ ఊర్లో లేడని ఒక మాట అబద్ధం చెప్పినా, ఏమయ్యేదో నాకు తెలీదు. డాక్టర్లయితే ఏమీ తేడా ఉండేది కాదంటారు.

మా బావ అంటే మా పెద్దక్క మొగుడు. ఆయనా నాలాగే ధర్మవరం నేతగాడే. మగ్గం మీద కూర్చుంటే నోట్లో పద్యం ఉండాల్సిందే. ఒక చేత్తో తాడు లాగుతూ, కాళ్లతో తొక్కుతూ ఆ తొక్కుడుకే పద్యం కట్టేవాడు. అయిదో తరగతి వరకు చదివినాడు గానీ మూడు నాటకాలు మొదలు నుంచి చివరిదాకా నోటికి వచ్చు. పాతికేళ్లు మా నాటక సమాజంలో రాజు వేషం ఆయనదే.

ఆయన గొంతు ఎట్లుండేదో చెప్పమంటే నాకు చాతకాదు. నేను హార్మోనియం వాయించేవాణ్ని గాబట్టి నాకు తెలిసిన విధంగా చెప్తాను. కొందరు పాడుతుంటే మనం శృతి పట్టుకోని వాళ్లను కాపాడుకుంటూ పోవాల. మా బావకు ఆ అవసరం లేదు. గొంతు వచ్చి సరిగ్గా మెట్టు మీద కూర్చునేది, కదిలేది కాదు. కొన్నిసార్లు నేను చెయ్యి తీసేసి వింటూ ఉండిపోయేవాణ్ని. రాజ్యం పోయిన రాజు అడవిలో, నిద్రపోతున్న భార్య ముఖం చూసి పాడే పద్యం ఒకటి ఉంది. నాలుగో పాదం చివర రాగం తీసి పైకి పోయి, అక్కడ నిలబడి, మెల్లగా దిగేవాడు. ఒకసారి కొత్తచెరువులో సరిగ్గా ఆ పద్యానికి కరెంటు పోయింది. మైకు లేదు. ఆయన కిరీటం తీసి పక్కన పెట్టి, స్టేజీ అంచుకు వచ్చి పాడినాడు. బస్టాండులో పండుకున్నవాళ్లు లేచి వచ్చినారని మరుసటి రోజు టీ అంగడిలో చెప్పినారు.

ఆ పద్యంలో నిద్రపోయే రాణి హిందూపురం ఆమె. పదిహేనేళ్లు ఆమే మాకు రాణి. ఇంట్లో వాళ్లు కన్నడం మాట్లాడుకుంటారు. తెలుగు చదవడం రాదు. ఎవరైనా పద్యం చెప్తే కన్నడ అక్షరాల్లో రాసుకోని నేర్చుకునేది. స్టేజీ ఎక్కితే మాత్రం ఆమె తెలుగులో ఎవరూ తప్పు పట్టలేరు. "మీ పద్యానికి నేను నిజంగా నిద్రపోతానప్పా, లేపకపోతే అట్లే ఉంటా," అని మా బావతో అనేది.

సినిమావాళ్లు వచ్చేటప్పటికే మా పని పలచబడింది. జాతరలకు ఆర్కెస్ట్రాలు, డాన్సులు పిలుస్తున్నారు. సంవత్సరానికి నాలుగైదు నాటకాలు ఉంటే గొప్ప. మేమెవరమూ దాని మీద బతికేవాళ్లం కాదు గాబట్టి కడుపు మాడలేదు గానీ, ముఖానికి రంగు లేకుండా నెలలు గడిస్తే మా బావ చిన్న విషయాలకే విసుక్కునేవాడు.

ఆ రోజు ఆమె చెప్పిందంతా విని ఆయన ఒకటే అడిగినాడు. "నా గొంతే పెడతారా, ఇంగెవరితోనన్నా పాడించి అతికిస్తారా?"

"మీ గొంతే సార్. దానికోసమే ఇంత దూరం వచ్చాం," అందామె.

ఆమె పోయినాక మా అక్క గిన్నెలు కడుగుతూ అడిగింది. "నవ్విచ్చే సినిమా అంటాండారు గదా. నిన్ను చూసి నవ్వుతారేమో."

"హాస్యానికి వేరేవాళ్లు ఉంటారు లేమ్మే. నేను రాజు గదా," అన్నాడు బావ.

షూటింగు పెనుకొండలో. కొండ కింద పాత రాతి మంటపం ముందర స్టేజీ కట్టినారు. మేము ఊర్లలో వాడే తెరలకంటే బాగా పాతబడినట్లు కనిపించే తెరలు కొత్తగా తయారుచేసి తెచ్చినారు. మండే ఎండాకాలం. రాళ్ల మీద కాలు పెడితే బొబ్బలెక్కేటట్లుంది. మొదటి రోజు మా బావ వాళ్ల హీరోకు రాజు నడక నేర్పినాడు. ఆ పిల్లోడు మర్యాదస్తుడు, కాళ్లకు దండం పెట్టి నేర్చుకున్నాడు. మధ్యాహ్నం అందరం ఒకే చోట కూర్చోని తిన్నాము. చెడ్డవాళ్లని చెప్పడానికి వాళ్లు మాకు ఏమీ చేయలేదు. ఈ విషయం నేను ఎవరితో చెప్పినా ముందే చెప్పేస్తాను.

రెండో రోజు మా బావ పద్యం. పొద్దున తొమ్మిదింటికి కిరీటం పెట్టుకున్నాడు. ఒకసారి దూరం నుంచి తీసినారు, ఒకసారి దగ్గర నుంచి, ఒకసారి పక్క నుంచి. మధ్యలో ఏదో విమానం సప్పుడు వచ్చిందని మళ్లీ. హిందూపురం ఆమె పడుకున్న చోట ఎండ జరిగిందని మళ్లీ. పన్నెండు దాటింది. ఎన్నిసార్లు పాడినా ఆయన ప్రతిసారీ మొదటిసారి లాగానే పాడినాడు. నాకే చేతులు నొప్పి పుట్టినాయి.

అప్పుడు డైరెక్టరు నా దగ్గరికి వచ్చి, ఇంకొంచెం పైకి పోతే బాగుంటుంది, ఒక మెట్టు పెంచగలరా అని అడిగినాడు. నేను బావ వైపు చూసినాను. ఆయన గొంతు సవరించుకుంటూ చెయ్యి ఊపినాడు. పొద్దున్నుంచి గొంతు సవరించుకుంటూనే ఉన్నాడు. నేను అది చూసినాను, ఎండకు అనుకున్నాను. ఒక మెట్టు కాదు, ఒకటిన్నర పెంచినాను. మా బావ ఎంత పైకి పోగలడో వాళ్లకు చూపియ్యాలని నాకు.

నాలుగో పాదం చివర ఆయన పైకి పోయినాడు. నిలబడినాడు. అంతలో గొంతు చీలింది. కోడిపుంజు మెడ పట్టుకుంటే వచ్చే కూత మాదిరి ఒకటి వచ్చి ఆగిపోయింది. నా పక్కనున్న లైట్ల మనిషి కిసుక్కున నవ్వినాడు. తర్వాత అందరూ నవ్వినారు. మా హిందూపురం ఆమె కూడా కళ్లు మూసుకునే నవ్వింది. నేనూ నవ్వినాను. బావ కూడా కిరీటం సర్దుకుంటూ నవ్వినాడు.

"ఇంగోసారి పాడతా సార్," అన్నాడు.

డైరెక్టరు పాడించినాడు కూడా. పాత శృతికే పాడినాడు, చక్కగా వచ్చింది. సాయంత్రం పోయేముందు బావ, మా ఇంటికి వచ్చిన ఆ అమ్మాయిని అడిగినాడు, ఏది పెడతారమ్మా అని. "రెండూ ఉన్నాయి సార్," అందామె. ఆమె అబద్ధం చెప్పలేదు. అప్పటికి ఆమెకూ తెలీదు.

ఆ తర్వాత గొంతు తేరుకోలేదు. మిరియాల కషాయం తాగినాడు, అతిమధురం నమిలినాడు, చల్లనీళ్లు మానేసినాడు. బీడీలు మాత్రం మానలేదు. మగ్గం మీద పద్యం తగ్గింది. వానలు మొదలైన తర్వాత రొద్దంలో ఒక నాటకం వచ్చింది. నేను ఆయనకు చెప్పకుండానే శృతి తగ్గించి పట్టినాను. ఆయన వేషం మీద ఉండి నావైపు ఒకసారి చూసినాడు. దిగినాక హిందూపురం ఆమె నన్ను పక్కకు పిలిచింది.

"ఏమప్పా, మీ బావ గొంతు అట్ల ఉండాదే. నాలుగు నెలలాయె. డాక్టరుకు చూపియ్యండి."

"ఎండకు పట్టింది, పోతాది లేమ్మా," అన్నాను నేను. ఆ మాట అన్నది నేనే.

సినిమా వచ్చింది. విడుదలైన రెండో రోజు హిందూపురంలో మధ్యాహ్నం ఆటకు అందరం పోయినాము. టెంపో మాట్లాడుకున్నాము. బావ ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకున్నాడు. మా అక్క ఆయన నేసిన చీర కట్టుకుంది. అమ్మడానికి పనికిరాకుండా అంచులో చిన్న తప్పు పడితే ఉంచుకున్న చీర అది. హిందూపురం ఆమె చుట్టుపక్కలవాళ్లను ఇరవైమందిని వెంటబెట్టుకోని వచ్చింది. హాలు నిండింది.

సినిమా బాగుంది. ఈ మాట కూడా నేను ఎక్కడైనా చెప్తాను. ఆ పాత వ్యాను దారిలో ఆగిపోవడం, ఒక ఊర్లో అనుకున్న నాటకం ఇంకో ఊర్లో ఆడడం, రాక్షసుడి వేషగాడు మీసం ఊడిపోయి చేత్తో పట్టుకోని పాడడం, ఇవన్నీ మాకు జరిగినవే. మేము నవ్వుకుంటూ చూసినాము. పాటలకు హాల్లో జనం లేచి ఎగిరినారు.

తర్వాత మా బావ వచ్చినాడు. అంత పెద్ద తెర మీద ఆయన ముఖం చూసి మా అక్క నా చెయ్యి పట్టుకుంది. పద్యం మొదలైంది. గొంతు హాలంతా నిండింది. ఒక్క క్షణం హాలు నిశ్శబ్దమైంది, అది నేను విన్నాను. నాలుగో పాదం. పైకి పోయినాడు. గొంతు చీలింది.

ఆ కూతకు తెర మీద రాణి ఉలిక్కిపడి లేచింది, కలకు లేచినట్లు లేమ్మా అని ఆ రోజు విడిగా తీసుకున్న ముక్క అది. గాడిదలు తాళ్లు తెంపుకోని పరుగెత్తినాయి. మంటపం పైనున్న కాకులు ఒకేసారి లేచినాయి. హాలు పగిలిపోయేటట్లు నవ్వింది. నవ్వు ఆగేలోపల ఇంకోసారి చూపించినారు. ఆ తర్వాత కథలో ఎక్కడ ఏం చెడిపోయినా ఆ కూత వినిపిస్తుంది. చివరి పాట ఆ కూతతోనే మొదలవుతుంది. దాన్ని తాళానికి కలిపి, ముక్కలు చేసి, మళ్లీ మళ్లీ వాయించినారు.

నేను బావ వైపు చూసినాను. ఆయన నవ్వుతున్నాడు. పక్కసీట్ల వాళ్లు గుర్తుపట్టి చేతులు కలిపినారు. బయటికి వచ్చినాక ఫొటోలు దిగినారు. హిందూపురం ఆమె తాను తీసుకొచ్చినవాళ్లకు ఆయన్ని చూపిస్తూ ఉంది గానీ, ముఖంలో కళ లేదు.

టెంపోలో పెనుకొండ దాటినాక అడిగినాడు. "మంచిగా పాడింది గూడా తీసినారు గదబ్బా. అది యాడ పోయిండాదో."

మా అక్క కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

అక్కడి నుంచి ఆ కూత ఫోన్లలోకి వచ్చింది. క్రికెట్లో ఎవరో అవుటైతే ఆ కూత. పరీక్ష తప్పినవాడి ఫొటోకు ఆ కూత. ఎన్నికల్లో ఓడిపోయినవాళ్లకు ఆ కూత. ధర్మవరంలో మా బావ టీకి పోతే అంగట్లో కూర్చున్నవాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఆ కూత వేసేవాళ్లు. వాళ్లకు ఆయన మీద ప్రేమే. మా ఊరోడు సినిమాలో పడినాడని గొప్పగా చెప్పుకునేవాళ్లు. ఆయన నవ్వి, టీ తాగి వచ్చేవాడు. కొన్నాళ్లకు టీ ఇంట్లోనే పెట్టమన్నాడు.

సినిమా పుణ్యమా అని మాకు పిలుపులు పెరిగినాయి. తలుపుల ఊరి పక్కన ఒక పల్లెలో గుడి ప్రతిష్ఠ అయినాక, మధ్యాహ్నం భోజనాలు అయ్యే వేళకు నాటకం పెట్టుకున్నారు. మామూలుగా జనం పలచగా ఉండే సమయం, కానీ ఆ రోజు చెట్లెక్కి కూర్చున్నారు. బావ స్టేజీ మీదికి రాగానే ఆ కూత వేయమని అరిచినారు. ఆయన చేతులు జోడించి, వేస్తా, ముందు నాటకం చూడండి నాయనా అన్నాడు. వినలేదు. చివరకు వేసినాడు. ఈలలు, చప్పట్లు. తర్వాత కథలోకి పోయినాము.

అడవి ఘట్టం వచ్చింది. ఆయన నా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు. "పాత శృతి పట్టబ్బా. ఈ పొద్దు పాడతా."

"వద్దు బావా, తగ్గిస్తా."

"పట్టు."

పట్టినాను. మొదటి మూడు పాదాలు ఆయన ఎట్ల పాడినాడో నాకు అర్థం కాలేదు. గొంతులో జీర ఉంది గానీ పాత మనిషి కనిపించినాడు. జనం కూడా సద్దుమణిగినారు. నాలుగో పాదంలో పైకి పోబోయినాడు. గొంతు రాలేదు. చీలడం కూడా కాదు, ఉత్త గాలి వచ్చింది. మళ్లీ ప్రయత్నం చేసినాడు. ఈసారి ఆ కూత వచ్చింది, ఆయన వేసింది కాదు, దానంతట అది వచ్చింది. జనం ఎగిరి గంతులేసినారు. ఇంకోసారి, ఇంకోసారి అని అరిచినారు. ఆయన మూడోసారి నోరు తెరిచినాడు. మెడ నరాలు ఉబ్బినాయి, కళ్లలో నీళ్లు తిరిగినాయి. వాళ్లు దాన్ని కూడా వేషం అనుకోని నవ్వుతున్నారు. హిందూపురం ఆమె నిద్రపోవాల్సిన మనిషి, లేచి కూర్చోని తెర దించమని చేత్తో సైగ చేసింది. తెర వెనక బావ దగ్గితే రుమాలులో రక్తం పడింది.

అనంతపురంలో చూపించినాము. గొంతులోంచి ఒక ముక్క తీసి పరీక్షకు పంపినారు. రిపోర్టు వచ్చినాక బెంగళూరు పొమ్మన్నారు. బావ వెంట నేనూ అక్కా పోయినాము, కన్నడం వచ్చు గాబట్టి హిందూపురం ఆమె కూడా వచ్చింది. డాక్టరు పెద్దాయన, తెలుగు కొంచెం కొంచెం వచ్చు. గొంతు ఎప్పటి నుంచి ఇట్లా ఉందని అడిగినాడు. మేము ముగ్గురమూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. సినిమా సంగతి చెప్పాల్సి వచ్చింది. నేను ఫోన్లో చూపించినాను. ఆ గదిలో ఆ కూత మోగింది. నర్సమ్మ గుర్తుపట్టి నవ్వబోయి, మా అక్కను చూసి ఆపుకుంది.

డాక్టరు రెండుసార్లు విన్నాడు. అప్పటికే గడ్డ ఉండాలి అని కన్నడంలో అన్నాడు. హిందూపురం ఆమె మాకు తెలుగులో చెప్పలేక చాలాసేపు తీసుకుంది.

పాడడం వల్ల రాలేదు, బీడీలు కారణం కావచ్చు, మీరు శృతి పెంచితే రోగం రాదు అని ఆయన నాతో విడిగా కూడా చెప్పినాడు. ఆయన మాట నిజమే. అయినా లైట్ల మనిషి నవ్విన రోజే మేము డాక్టరు దగ్గరికి పోయుంటే అనే మాట నన్ను వదల్లేదు. అందరం విన్నాము. ఒక రోగం అంతమంది ముందర తన పేరు చెప్పుకుంటే మేము నవ్వినాము. హాళ్లకు హాళ్లు నవ్వినాయి.

స్వరపేటిక తీసేయాలన్నారు. ఆపరేషన్ పొద్దున డాక్టరు వచ్చి, మాట్లాడాలనుకున్నవి మాట్లాడుకోండి, కావాలంటే ఫోన్లో పెట్టుకోండి అన్నాడు. అప్పటికి బావకు గుసగుస తప్ప లేదు. నేను ఫోను తీసి ఆయన ముఖం దగ్గర పట్టుకున్నాను. ఆయన చేత్తో పక్కకు తోసినాడు.

"ఈ గొంతు పెట్టుకోని ఏంజేస్తావు? తీసెయ్యి," అన్నాడు.

నన్ను బయటికి పొమ్మని మా అక్కను లోపలికి పిలిచినాడు. పావుగంట మాట్లాడినాడు. ఏం చెప్పినాడని నేను ఇంతవరకు అడగలేదు. ఆమె చెప్పలేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. మనిషి దక్కినాడు. మెడ కింద ఒక రంధ్రం, దానికి గొట్టం. గాలి అందులోంచే పోయి వస్తుంది. మిషను పెట్టుకోని మాట్లాడొచ్చని నేర్పబోయినారు. ఆ మిషను గొంతు ఒకసారి విని ఆయన పెట్టె మూసేసినాడు.

ఇంటికి వచ్చినాక నాకు ఒకటే పిచ్చి పట్టింది. ఎక్కడైనా ఆయన పాట దొరుకుతుందేమోనని. పాతికేళ్లు ఊరూరూ పాడిన మనిషి, ఎవరో ఒకరు పట్టుకోని ఉండరా. పెనుకొండలో మైకుసెట్టు ఆయన దగ్గర పాత క్యాసెట్లు ఉండేవని పోయినాను. ఆయన కొడుకు అటక మీద నుంచి ఒక అట్టపెట్టె దించినాడు. ఎలకలు కొరికినవి కొన్ని. రెండింటి మీద నాటకం పేరు రాసుంది. వేసి చూస్తే ఒకదాంట్లో అయ్యప్ప భజనలు, ఇంకోదాంట్లో ఎవరిదో పెండ్లి. నాటకం మీదే రికార్డు చేసేసినారు. కొత్తచెరువు, రొద్దం అన్నీ తిరిగినాను. ఫోన్లు వచ్చినాక ఆడిన నాటకాలు ఎవరైనా తీసుంటారని అడిగినాను. అందరూ ఉత్సాహంగా ఫోన్లు తీసి వెతికి, చివరకు సినిమాలోదే చూపించేవాళ్లు.

ఆఖరుకు ఆ సినిమా అమ్మాయికి ఫోన్ చేసినాను. ఆమెకు విషయం తెలీదు. మొదటి నుంచి అంతా చెప్పినాను.

"ఆ రోజు మంచిగా పాడింది ఒకటి తీసినారు గదమ్మా. అది ఉంటే చాలు. ఇంట్లో పెట్టుకుంటాము."

"వెతుకుతాను సార్. తప్పకుండా వెతుకుతాను," అంది.

పదిరోజుల తర్వాత చేసింది. సినిమాకు వాడనివన్నీ విడుదలైనాక తుడిచేసినారంట. డిస్కులు వేరే సినిమాకు ఇచ్చేసినారంట. "నేను అప్పుడే అడిగి పెట్టుకోవాల్సింది సార్," అని ఏడ్చింది. నేనే ఆమెను ఊరడించాల్సి వచ్చింది. సంగీతం, గాడిదలు, కాకులు లేకుండా ఆయన గొంతు మాత్రం ఉన్న ముక్క ఒకటి పంపింది. అందులో కూత ముందర నాలుగో పాదం ఉంది, రాగం పైకి పోయే చోటు ఉంది. పదకొండు సెకన్లు. పన్నెండో సెకనుకు గొంతు చీలుతుంది.

ఆ ముక్క పట్టుకోని మా అక్క ఇంటికి పోయినాను. బావ మంచం మీద పండుకోని ఉన్నాడు. అక్క చెవి దగ్గర పెట్టి వినిపించినాను. చీలేలోపల ఆపాలని వేలు తెర మీదే ఉంచుకున్నాను. ఆపలేకపోయినాను. అక్క కళ్లు మూసుకోని మొత్తం విన్నది.

"ఇది నాకొద్దురా," అంది. "నా చెవుల్లో ఉండేది వేరే. ఇది వింటా ఉంటే అది పోతాది."

మంచం మీద బావ మేలుకోనే ఉన్నాడు. ఆయన గోడ వైపు తిరిగినాడు.

సమాజం ఇంక లేదు. రాజు లేకుండా ఒకసారి ఆడబోయి మధ్యలోనే వదిలేసినాము. హిందూపురం ఆమె ఇప్పుడు బట్టల ఫ్యాక్టరీలో గుండీలు కుడుతోంది. నా హార్మోనియం భజన గుడికి ఇచ్చేసినాను. బావ మగ్గం తొక్కలేడు, ఊపిరి చాలదు. అక్క పక్కన కూర్చోని రాట్నం మీద దారం కండెలు చుడతాడు. నేను పోతే నవ్వుతాడు, టీ ఇయ్యమని అక్కకు సైగ చేస్తాడు. గంటసేపు కూర్చుంటే ఆ గొట్టంలోంచి గాలి పోయివచ్చే సప్పుడు, రాట్నం సప్పుడు, అంతే. మా ఇద్దరికీ మాట్లాడుకోవడానికి పద్యం తప్ప వేరే విషయం ఉండేది కాదని అప్పుడు తెలిసింది నాకు.

పోయిన నెల ధర్మవరంలో మా చుట్టాల పెండ్లికి ముగ్గురమూ పోయినాము. పంక్తిలో కూర్చున్నాము. వడ్డన సగంలో ఉండగా డీజేవాడు ఆ సినిమా చివరి పాట పెట్టినాడు. వాడిది బయటి ఊరు, మా సంగతి తెలీదు. కూత మోగింది. పిల్లలు, పెద్దలు అందరూ ఒక్కసారిగా అదే కూత వేస్తూ ఎగరడం మొదలుపెట్టినారు. పెండ్లికూతురు తండ్రి బావను చూసి ముఖం మాడ్చుకోని, పాట ఆపించడానికి జనంలోంచి తోసుకుంటూ పోతున్నాడు. మా అక్క ఆకు మీద నుంచి లేచి వెళ్లిపోయింది. నేను లేవబోతే బావ నా మోకాలు మీద చెయ్యి వేసి కూర్చోపెట్టినాడు.

ఆయన అన్నం కలుపుకున్నాడు. మెడకు చుట్టుకున్న తెల్లగుడ్డ మీద పడకుండా తల వంచి, ఒక్కొక్క ముద్ద మెల్లగా తిన్నాడు. పాట ఆగింది. వడ్డించేవాడు వస్తే రసం పోయమని వేలితో చూపించినాడు. మొత్తం తిని, ఆకు మడిచి, చెయ్యి కడుక్కోని నా భుజం పట్టుకోని బయటికి నడిచినాడు. ఎండ బాగా ఉంది. దారి పొడుగునా నేను ఆయన ముఖం చూస్తూనే ఉన్నాను. అందులో నాకు ఏమీ కనపడలేదు. ఆయనకు నిజంగా ఏమీ అనిపించడం లేదో, నాకు తెలియనియ్యడం లేదో, అడిగినా చెప్పే వీలు లేని మనిషి. ఇంటి వాకిట్లో అక్క మెట్ల మీద కూర్చోని ఉంది. ఆయన పోయి ఆమె పక్కన కూర్చున్నాడు. నేను కాసేపు నిలబడి మా ఇంటికి వచ్చేసినాను.